ఎవరిదీ కాని మూడు మైళ్ళు

ఆదివారం, పర్లాకిమిడి ఇంకా దుప్పటి తన్నకముందే
సైకిల్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతాను.
వారమంతా కోర్టులో ఒడియా టైపు కొట్టిన వేళ్ళు
బ్రేకుల మీద
ఏ భాషా లేకుండా ఒళ్ళు విరుచుకుంటాయి.

దండాసి నిన్ననే టైర్లు మార్చాడు,
వెడల్పువి, బొడిపెలున్నవి.
"గాలి నిండా కొట్టీకు బాబూ.
బిగదీసుకుని పోతే కంకర తన్నేస్తాది,
కాస్త మెత్తగుంటేనే దారి నిన్ను మోస్తాది."
ముప్పై ఏళ్ళు పంక్చర్లు అతికినవాడి మాట,
వేదాంతమేమోనని తలూపాను.
అతను నలభై రూపాయలు అడిగాడు.

లింబగుడ దాటాక తారు తెగిపోతుంది,
కత్తెర వేసిన గుడ్డలా.
దారాలు కూడా వేలాడవు.
అక్కణ్ణించి మూడు మైళ్ళు
వాళ్ళదని వీళ్ళూ, వీళ్ళదని వాళ్ళూ
మర్యాదగా వదిలేసుకున్న ఎర్ర కంకర.
లారీ రాదు. బస్సు రాదు.
వెనకనించి ఉలిక్కిపడేట్టు మోగే హారను
ఒక్కటీ లేదు.

మొదటి రాళ్ళు టైరు కింద
చోళ్ళు వేపే మూకుడులా చిటపటమంటాయి.
వణుకు హ్యాండిల్లోంచి మోచేతుల్లోకి,
మోచేతుల్లోంచి దవడలోకి ఎక్కి
మరచిపోయిన పిప్పిపన్ను తలుపు తడుతుంది.
ఆ తర్వాత ఒళ్ళే నేర్చుకుంటుంది,
గట్టిగా పట్టుకోకూడదని,
ముందు చక్రం జారితే కాసేపు జారనివ్వాలని.

జీడిపూత వాసన.
మంచు దిగని తుప్పల్లో కౌజు పిట్ట.
దూరాన మహేంద్రగిరి
ఎవరో సిరాబుడ్డి ఒలకబోసినట్టు.
వంపు దగ్గర ఒక మైలురాయి,
ఇటు ముఖాన గొడుగులు పట్టుకున్న ఒడియా అక్షరాలు,
అటు ముఖాన తలకట్లు చుట్టుకున్న తెలుగువి.
రెండువైపులా అంకె చెరిగిపోయింది.
సైకిల్ దానికి ఆనించి
అరటిపండు వలుచుకుంటూ
ఇప్పుడు నేను ఏ రాష్ట్రంలోనూ లేనని
ఒక్కణ్ణే నవ్వుకుంటాను.

ఒప్పుకుంటాను, ఇక్కడ కూర్చుని ప్రతివారం
ఒకటే కోరుకునేవాణ్ణి:
ఈ మూడు మైళ్ళకీ తారు పడకూడదు.

ఇవాళ పండు సగంలో ఉండగా
వంపు అవతల్నించి నలుగురొచ్చారు.
వెదురు బొంగుకి వేలాడగట్టిన నులక మంచం.
మంచంలో దుప్పటి, దుప్పట్లో ఒక పిల్ల,
పొత్తికడుపు మీద రెండు చేతులూ.
పక్కన ముసలమ్మ చెప్పుల్లేకుండా నడుస్తోంది.
"అంబులెన్సు తారు వరకే వస్తాదట,"
నాతో తెలుగులో అంది,
ఫోనులో ఎవరికో ఒడియాలో అంది,
మంచంలోకి వంగి సవరలో అంది.
మూడు భాషల్లోనూ తారు తారే.

పెడలు తొక్కాను.
డ్రైవరు ఎదురుచూసి వెళ్ళిపోకుండా ఆపాలి.
అంత వేగంగా ఆ దారిని ఎప్పుడూ తొక్కలేదు.
పాడిన రాళ్ళే పళ్ళు కొరికాయి.
ప్రతి గుంటా మంచం కిందనించి తెలిసింది.
డ్రైవరు కుర్రాడు, దిగువ ఊరివాడు,
టైర్ల వైపు చూసుకున్నాడు, దారి వైపు చూశాడు,
"పదండి" అని బండి కంకరలోకి దింపాడు.
సగం దారిలో కలిశాం.
ఆ పిల్ల పేరు ఎవరినీ అడగలేదు నేను.
తలుపు పడేముందు ముసలమ్మ నా చేతిలోని
సగం అరటిపండు చూసింది.
అప్పటిదాకా పారేయలేదని నాకే తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు ధూళిలో
పొద్దుటి నా టైరు గీత కనిపించింది,
ఒక్క గీతే, ముచ్చటగా, వంపులు తిరుగుతూ.
దాన్ని తొక్కుకుంటూ ఎనిమిది పాదాలు.

నిజం చెప్పాలి,
ఇంటికి వెళ్తుంటే కంకర మళ్ళీ పాడింది.
నేను మళ్ళీ విన్నాను.

సోమవారం బల్ల మీద
రోడ్డు కాంట్రాక్టరు దావా, ఏడో సంవత్సరం.
చివర ఎప్పటిలాగే ఒక్క మాట కొట్టాలి,
ఒడియాలో ములతబి,
మనకి వాయిదా.
మొదటి అక్షరం మీద వేలు ఆగింది.
పైన ఫ్యాను తిరుగుతోంది.
బెంచి గుమస్తా చెయ్యి చాచి ఉన్నాడు.

కొట్టాను.